మాధవరం మీదుగా ఉర్లగడ్డ చేనికి

మాధవరంలో చూడదగిన దేమున్నదని ఊరినుంచి వచ్చిన చుట్టాలు అడిగినప్పుడల్లా నాకు జవాబు తోచేది కాదు. మైలాపూరులోలాగ కోనేరూ గోపురమూ చూపించడానికి లేవు. తిరువల్లిక్కేణిలోలాగ సాయంత్రం నడిచిరావడానికి సముద్రపు ఒడ్డూ లేదు. ఉన్నవల్లా లారీలు, గిడ్డంగులు, పాల కాలనీ, ఆంధ్రదేశం వెళ్ళే బస్సుల స్టాండు. ఇరవై యేళ్ళుగా ఇక్కడ ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాకే ఇది ఒక దారిలా కనిపించేదిగాని ఊరులా కనిపించేది కాదు. అటువంటి మాధవరాన్ని నాకు చూపించింది ఉర్లగడ్డ అంటే మీరు నవ్వవచ్చు. నవ్వినా సరే, ఆ సంగతి మన పత్రిక చదువరులకు చెప్పుకోవాలని ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. మా చిత్తూరు జిల్లా వాళ్ళం దీన్ని ఉర్లగడ్డ అంటాము. కోస్తావారు బంగాళాదుంప అంటారు. హైదరాబాదు వైపువారు ఆలుగడ్డ అంటారు. మన సంఘంలో ఈ మూడు మాటలవారూ ఉన్నారు గనుక, ఎవరి వంటింటి మాట వారు వేసుకొని చదువుకోవలసిందిగా కోరుతున్నాను. దుంప మాత్రం ఒకటే.

మాధవరం పేరు మనవాళ్ళకు కొత్త కాదు. కడప జిల్లాలో ఒక మాధవరం ఉన్నది. అక్కడి నేతచీరలకు పేరు. ఈ మాధవరం చెన్నపట్నానికి ఉత్తరపు వాకిలి. కలకత్తా వెళ్ళే పాత జి.ఎన్.టి. రోడ్డు ఈ దారినే పోతుంది. మొన్నమొన్నటి దాకా ఇది తిరువళ్ళూరు జిల్లాలో వేరే మునిసిపాలిటీగా ఉండేది. 2011లో చెన్నై కార్పొరేషనులో కలిపారు. 2018లో ఇక్కడ పెద్ద బస్‌స్టాండు తెరిచి, తిరుపతి, నెల్లూరు వైపు బస్సులను కోయంబేడునుంచి ఇటు మార్చారు. అప్పటినుంచి ఆ స్టాండులో నిలబడితే చెవులకు తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ఇంటిమీద బెంగ పుట్టినప్పుడు, బస్సెక్కే పని లేకపోయినా, అక్కడికి వెళ్ళి ఒక టీ తాగి వచ్చేవాళ్ళు మా వీధిలో ఇద్దరు ముగ్గురున్నారు. అందులో నేనొకణ్ణి.

మాధవరానికి తూర్పుగా కొన్ని మైళ్ళ దూరంలో మణలి. అక్కడ మద్రాస్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం ఉన్నది. 1966 డిసెంబరులో కంపెనీ ఏర్పడింది. 1971లో ఎరువుల తయారీ మొదలయింది. "విజయ్" గుర్తు వేసిన యూరియా మూటలు మీలో పల్లెటూళ్ళతో సంబంధమున్నవారు చూసే ఉంటారు. యూరియాలో ఉండే నత్రజని మనం పీల్చే గాలిలోదే. గాలిలో అయిదింట నాలుగు పాళ్ళు నత్రజనే అయినా, మొక్క దాన్ని అలాగే తీసుకోలేదు. జర్మనీలో హేబరు అనే రసాయన శాస్త్రవేత్త గాలిలోని నత్రజనినీ, ఉదజనినీ కలిపి అమ్మోనియా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1913 నాటికి బోష్ అనే ఇంజనీరు దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చాడు. ఆ అమ్మోనియాకు బొగ్గుపులుసు గాలి కలిపితే తెల్లటి గుండ్రని పూసల్లాంటి యూరియా వస్తుంది. మణలిలో దీనికి చాలాకాలం నాఫ్తా అనే నూనె వాడేవారు. 2019లో సహజవాయువుకు మారారు. ఇంకొక వింత చెప్పాలి. మన పట్నం వాడి వదిలిన మురుగునీటిని కొడుంగయూరులో శుద్ధిచేసి మణలి కర్మాగారాలకు పంపుతారు. మనం పారబోసిన నీళ్ళు ఎవరి చేనికో ఎరువు తయారయ్యే చోట ఉపయోగపడుతున్నాయన్నమాట. ఇన్నేళ్ళూ ఆ దారిన పోతూ వస్తూ నేను ముక్కు మూసుకున్నానేగాని ఈ సంగతి ఎరుగను.

మా ఆఫీసులో నా పని బిల్లులు రాయడం. తమిళం వాళ్ళతో తమిళంలో, తెలుగు డ్రైవర్లతో తెలుగులో మాట్లాడి, కాగితం మీద ఇంగ్లీషులో పెట్టడం. చదువు మెట్రిక్యులేషనుతో సరి. ఎరువు మూటల లోడ్లకు ఎన్ని బిల్లులు రాశానో లెక్క లేదు. మూట ఎన్ని కిలోలో, లారీకి ఎన్ని మూటలో నిద్రలో అడిగినా చెప్పగలను. ఆ మూట చేనులో ఏమి చేస్తుందో మాత్రం నాకు తెలియదు. తెలియదని ఒప్పుకొని ఉంటే ఈ కథే లేదు.

మా అన్న వి.కోట దగ్గర మా నాయన పొలం చేస్తున్నాడు. అది కోలారు జిల్లాకు ఆనుకొని ఉన్న మెరక సీమ. చలికాలం రాత్రులు చల్లగా ఉంటాయి గనుక ఉర్లగడ్డ పండుతుంది. 2022 కార్తీకంలో ఎకరా నేలలో ఉర్లగడ్డ పెట్టి, నెల తిరగ్గానే అన్న నాకు ఫోను చేశాడు.

"ఒరే తమ్ముడా, నువ్వుండేది ఎరువుల ఊళ్ళో గదా. యూరియా ఎన్ని మూటలెయ్యాలో ఎవరినన్నా అడిగి చెప్పు."

అడగడానికి ఎంతసేపు పడుతుంది? అయినా నేను అడగలేదు. పట్నంలో ఉన్న తమ్ముణ్ణి, ఎరువుల బిల్లులు రాసేవాణ్ణి, నాకు తెలియదని ఎలా చెప్పను? "ఇప్పటికి ఎన్ని వేశావు?" అన్నాను. మూడు వేశానన్నాడు. "ఇంకో రెండు వెయ్యి. పైరు ఎక్కిరావాలంటే యూరియా ఉండాల" అన్నాను. డబ్బు కూడా నేనే పంపాను. పంపినందుకు ఆ వారమంతా నాలో నేనే సంతోషపడ్డాను.

సంక్రాంతికి వెళ్ళి చూస్తే చేను నల్లగా, మోకాలికి పైగా ఎదిగి ఉంది. ఊళ్ళో అంత పచ్చని చేను లేదు. మా అన్న కూడా నా భుజం తట్టాడు. ఫిబ్రవరిలో తవ్వితే అంత ఆకు కింద గోళీలంత గడ్డలు. తొక్క కూడా ముదరలేదు, చేత్తో రుద్దితే ఊడివస్తోంది. యాభై కిలోల మూటలు నూటికి తక్కువ కావనుకున్నచోట అరవై అయినాయి. అందులో సగం చిల్లర కాయ. తరువాతి విత్తనానికని వదినె గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. అన్న నన్ను ఒక్క మాట అనలేదు. వదినె మాత్రం అన్నం వడ్డిస్తూ, "ఆకు అమ్ముకొనే పంటైతే మనమే గెలిచేవాళ్ళం, అబ్బయ్యా" అంది. ఆ అన్నం నాకు గొంతు దిగలేదు.

తిరిగివచ్చిన తరువాత, ఆలస్యంగానైనా, అడగడానికి బయలుదేరాను. అప్పుడు నాకు మాధవరం కనిపించింది.

పాల కాలనీ రోడ్డులో తమిళనాడు ప్రభుత్వ ఉద్యానశాఖవారి తోట ఉన్నది. పిల్లలను ఆడించడానికి ఆదివారాలు వెళ్ళినవాణ్ణేగాని అక్కడ నేర్చుకొనేది ఒకటి ఉంటుందని తోచలేదు. ఒక శనివారం వెళ్ళి, అక్కడ పనిచేసే ఒక అధికారిణితో తమిళంలో సంగతంతా చెప్పాను. ఆమె నా మాట పూర్తిగా విని, "అయిదు మూటల యూరియాలో ఎంత నత్రజని ఉందో లెక్క వేశారా?" అని అడిగింది. బిల్లుల గుమాస్తాను, లెక్క వెయ్యలేదని చెప్పడానికి సిగ్గయింది. ఆమె కాగితం మీద వేసి చూపించింది. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. 2018 నుంచి మూట 45 కిలోలు. అంటే మూటకు సుమారు 20 కిలోల 700 గ్రాములు. అయిదు మూటలకు నూటమూడు కిలోలు. ఇక నాటేటప్పుడు వేసిన డి.ఏ.పి. మూటలో ఇంకొక తొమ్మిది.

"ఎకరా ఉర్లగడ్డకు ఇందులో సగమే ఎక్కువ. మీరు పంటకు అన్నం పెట్టలేదు, బలవంతంగా కుక్కారు" అంది ఆమె.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఉర్లగడ్డ మొక్కకు మొదటి నెల ఆకు, కాండం పెంచుకొనే కాలం. అప్పుడు నత్రజని కావాలి. ముప్పై, ముప్పయ్యైదు రోజులకు నేలలోపల తీగల కొసలు ఉబ్బి గడ్డ కట్టడం మొదలవుతుంది. అక్కడినుంచి ఆకు వండిన పిండిని కిందికి పంపుతూ ఉండాలి. ఆ సమయంలో నత్రజని మితిమీరి ఉంటే మొక్క కిందికి పంపడం మాని మళ్ళీ ఆకు వేస్తూ కూర్చుంటుంది. గడ్డ ఆలస్యమవుతుంది, చిన్నదవుతుంది, నీరెక్కువై నిలవకు ఆగదు. భాస్వరం వేళ్ళకూ గడ్డ పుట్టడానికీ కావాలి. అది నేలలో కదలదు గనుక మొత్తం నాటేటప్పుడే వేరు దగ్గర పడాలి. పొటాషు ఆకులోని పిండిని గడ్డకు చేర్చే పని చేస్తుంది. ఉర్లగడ్డ పంట నేలనుంచి నత్రజనికంటే పొటాషునే ఎక్కువ లాగుతుంది. మా అన్న ఆ యేడు ఖరీదెక్కువని పొటాషు ఒక్క కిలో కూడా వెయ్యలేదు. నేనూ వెయ్యమనలేదు.

"అయితే ఎంత వెయ్యాలో చెప్పండి, రాసుకుంటాను" అన్నాను జేబులోంచి కలం తీస్తూ. ఆమె నవ్వి, "నేల చూడకుండా నేను చెబితే మీరు మీ అన్నగారికి చెప్పినట్లే అవుతుంది" అంది. మట్టి పరీక్ష చేయించమని, నీలగిరి సంగతి ఉదాహరణగా చెప్పింది. ఊటీ కొండల్లో హెక్టారుకు 120 కిలోల నత్రజని, 240 కిలోల భాస్వరం, 120 కిలోల పొటాషు వెయ్యమని అక్కడి సిఫారసు. భాస్వరం రెట్టింపెందుకంటే, ఆ కొండల ఎర్రమట్టిలో పులుపు ఎక్కువ. వేసిన భాస్వరంలో చాలా భాగాన్ని మట్టే పట్టుకొని మొక్కకు ఇవ్వదు. మెగ్నీషియం కూడా తక్కువ గనుక హెక్టారుకు 60 కిలోల మెగ్నీషియం సల్ఫేటు కలుపుతారు. ఆ లెక్క తెచ్చి మెరక సీమలో వేస్తే డబ్బు మట్టిపాలు. మనం కోయంబేడులో ఊటీ ఉర్లగడ్డ అని ఏరి కొంటాముగదా, ఆ గడ్డ వెనుక ఇంత లెక్క ఉన్నది.

అక్కడినుంచి పాల కాలనీలోకి నడిచాను. పట్నం వీధుల్లోని పశువులను ఊరిబయటికి చేర్చాలని ప్రభుత్వం ఏర్పాటుచేసిన కాలనీ ఇది. ఆవిన్ డెయిరీ ఇక్కడే ఉన్నది. 1989లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ గేదెలు పెట్టుకొని పాలు అమ్ముకొనే కుటుంబాలున్నాయి. వారిలో ఒక ముసలాయన మనవాడే. తాతల నాడు నెల్లూరు వైపునుంచి వచ్చారట. తమిళపు యాసతో చక్కని తెలుగు మాట్లాడతాడు. మేడమీద గోతాల్లో నాలుగు ఉర్లగడ్డ మొక్కలు పెట్టి చూద్దామని, ఆయన్ను ఒక బుట్ట పేడ అడిగాను. ఆయన నన్ను పేడకుప్ప వెనక్కి తీసుకువెళ్ళి, నల్లగా పొడిపొడిగా ఉన్న పాత కుప్ప చూపించాడు.

"ముందు కుప్పలోది వద్దు నాయనా. అది ఇంకా పేడే. ఎరువు కావాలంటే నాలుగైదు నెలలు ఆగాల."

"రెండూ పేడే గదా తాతా, తేడా ఏముంది?"

"పచ్చి పేడ వేస్తే వేడి చేస్తుంది, పురుగు చేరుతుంది, గడ్డకు గజ్జి పడుతుంది. నమ్మకపోతే ఒక గోతంలో వేసి చూడు."

నాలుగు గోతాల్లో ఒకదానిలో పచ్చి పేడే వేశాను. ఆ ఫలితం తరువాత చెబుతాను.

ఆ యేడు వేసవిలో ఊరికి వెళ్ళి, అన్నతో కలిసి మట్టి తీశాము. చెట్టు నీడన, గట్టు పక్కన, పేడకుప్ప వేసిన చోట తియ్యకూడదు. చేనంతా తిరిగి పది చోట్ల పార కొస దింపి, జానెడు లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, ఒక పక్కనుంచి పలచగా పెచ్చు తియ్యాలి. అన్నీ ఒక గోనెమీద పోసి, నీడన ఆరబెట్టి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ, చివరికి అరకిలో మిగిల్చి సంచిలో కట్టాలి. మా ఊరి రైతు భరోసా కేంద్రంలో ఇచ్చివచ్చాము. ఆ అరకిలో మట్టిని వదినె పసుపు కట్టినట్లు జాగ్రత్తగా కట్టింది.

ఫలితం వచ్చిన తరువాత అక్కడి సహాయకుడు మా చేనికి చెప్పిన లెక్క ఇది: ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 భాస్వరం, 48 పొటాషు. ఇది మా నేలకు చెప్పింది, మీ నేలకు కాదు సుమా! దాన్ని మూటల్లోకి మార్చడం నా వంతు. ఈసారి బిల్లు రాసినంత శ్రద్ధగా కూర్చుని వేశాను. ఒక డి.ఏ.పి. మూటతో భాస్వరం దాదాపు మొత్తం వచ్చేస్తుంది, తొమ్మిది కిలోల నత్రజని కూడా వస్తుంది. మిగిలిన 39 కిలోల నత్రజనికి 85 కిలోల యూరియా చాలు. అంటే రెండు మూటలకు ఇంకా అయిదు కిలోలు తక్కువే. ఎర్ర పొటాషు 80 కిలోలు. యూరియాలో 33 కిలోలు నాటేటప్పుడు, 52 కిలోలు మన్ను ఎగదోసేటప్పుడు. పొటాషు సగం సగం. వీటన్నిటికీ ముందు, ఆఖరి దుక్కిలో ఎనిమిది టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు. మూట మీద మూట వేసిన మొదటి యేటికంటే ఈ లెక్కలో యూరియా సగానికంటే తక్కువని చూసి, మా అన్న కాగితం రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే" అన్నాను. చెప్పానేగాని, నా గుండె దడదడ కొట్టుకుంది. ఈ యేడు కూడా తప్పితే వదినె గాజుల మాట ఇక ఎత్తడానికి లేదు.

2023 నవంబరు 5, ఆదివారం నాడు విత్తనం పెట్టారు. దీపావళికి ఇంకా వారమున్నది. ముందురోజు రాత్రి మాధవరం స్టాండులో తిరుపతి బస్సెక్కి, చిత్తూరు, పలమనేరు మారి, పొద్దున్నే చేను చేరాను. విత్తనం కుఫ్రీ జ్యోతి. సిమ్లా దగ్గరి కుఫ్రీ పేరు పెట్టుకొని 1968లో విడుదలయిన రకం. జలంధరునుంచి లారీలో వచ్చింది. కాలువలో ఎరువు వేసి, దానిమీద రెండంగుళాలు మన్ను కప్పి, ఆపైన విత్తనపు ముక్క పెట్టారు. యూరియా నేరుగా మొలకకు తగిలితే మాడుతుంది. ఇది మా అన్నకు నేను చెప్పనక్కరలేకపోయింది. ఆయన చేతులకు ఎప్పటినుంచో తెలుసు.

ముప్పయ్యో రోజు డిసెంబరు 5. ఆ రోజుకు మన్ను ఎగదోసి రెండో విడత వెయ్యాలి. నేను 3వ తేదీ రాత్రి బస్సుకు బయలుదేరాలనుకున్నాను. ఆ రోజే మిచౌంగ్ తుఫాను. ఆ రెండు రోజులు పట్నం ఎలా ఉన్నదో మీకందరికీ జ్ఞాపకమే. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు లేదు, ఫోను చచ్చిపోయింది. బియ్యం డబ్బా మంచంమీద పెట్టి, పిల్లలను మేడమీద ఇంటివారి దగ్గర ఉంచి, నేను మాత్రం లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. అన్న తేదీ ప్రకారం వానలోనే యూరియా చల్లేస్తాడేమో, చల్లితే అంతా నీళ్ళతో కొట్టుకుపోతుంది. నేనే గదా "ముప్పయ్యో రోజు, మరిచిపోవద్దు" అని నాలుగుసార్లు చెప్పింది!

7వ తేదీన కరెంటు వచ్చింది. ఫోను చేశాను.

"అన్నా, యూరియా వేసేశావా?"

"వాన పడతా వుంటే ఎవడన్నా యూరియా చల్తాడేమిరా? ఇక్కడ మూడు దినాలు జల్లు. మన్ను ఆరనీ. పిడికిట పడితే ముద్ద కట్టకుండా వుండాల. అప్పుడు చూస్తాం. మీరంతా బాగుండారా? ఇంట్లోకి నీళ్ళొచ్చినాయా?"

9వ తేదీన, అంటే 34వ రోజున వేశాడు. మొక్కకు బెత్తెడు దూరంలో వరసగా పోసి, వెంటనే మన్ను ఎగదోశాడు. కప్పకుండా వదిలితే యూరియాలోని నత్రజని అమ్మోనియాగా మారి గాలికే తిరిగిపోతుంది. మణలిలో అంత శ్రమపడి గాలినుంచి పట్టింది, చేనులో ఒక్క పూటలో గాలికి వదిలేసినట్లు. ఆ మన్ను ఇంకొక పని కూడా చేస్తుంది. గడ్డకు వెలుతురు తగలకుండా కాస్తుంది. వెలుతురు తగిలిన గడ్డ ఆకుపచ్చబడి చేదెక్కుతుంది. అది తినకూడదు. వంటింట్లో ఆడవారికి తెలిసిన సంగతే ఇది.

నేను కాగితం మీద రోజులు లెక్కపెట్టాను. ఆయన మట్టిని పిడికిట పట్టి చూశాడు. రెండూ కావాలని నాకప్పుడు తెలిసింది.

సంక్రాంతికి వెళ్ళేసరికి చేను డెబ్బై రోజులది. కిందటేటిలాగ నల్లగా లేదు. నడుమెత్తు లేదు. కింది ఆకులు పసుపు తిరుగుతున్నాయి. పక్కచేను మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. అన్న గట్టుమీద కూర్చుని చాలాసేపు రెండు చేలనూ మార్చిమార్చి చూశాడు.

"ఒక మూట చల్లుదామా, ఏమంటావు?" అన్నాడు.

కిందటేడు ఇలాటి ప్రశ్నకే నేను చటుక్కున జవాబు చెప్పాను. ఈసారి నోటిదాకా వచ్చిన మాట మింగి, "నాకు తెలియదన్నా. అడుగుదాం పద" అన్నాను. నలభై యేళ్ళు దాటినవాడికి అన్న ముందర ఆ ఒక్క మాట అనడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. అన్న నావైపు ఒకసారి చూసి, తువ్వాలు దులుపుకొని లేచాడు.

కేంద్రంలోని కుర్రవాడు చేనికి వచ్చాడు. నాలుగు ఆకులు తెంపి చూపించాడు. ముదురు ఆకులో ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపైతే మెగ్నీషియం లోపం. ఆకు అంచులు మాడినట్లుంటే పొటాషు లోపం. చిన్న వయసులోనే కింది ఆకంతా ఒకే తీరుగా పాలిపోతే నత్రజని లోపం. "ఇది లోపం కాదు పెద్దాయనా, ముదురుతోంది. ఇప్పుడు యూరియా వేస్తే మళ్ళీ చిగురు వేస్తుంది, గడ్డ ఆగిపోతుంది" అన్నాడు. ఒక మొక్క పక్కన మన్ను తవ్వి చూపిస్తే లోపల అయిదారు గడ్డలు, కోడిగుడ్డుకంటే పెద్దవి. అన్న మన్ను జాగ్రత్తగా మళ్ళీ కప్పి, యూరియా మాట ఎత్తలేదు.

95వ రోజున, 2024 ఫిబ్రవరి 8న తవ్వారు. పది రోజుల ముందే నీళ్ళు ఆపి, తీగ కోసేశారు. అందువల్ల తొక్క ముదిరింది. మూటలు నూటముప్పై. చిల్లర కాయ తక్కువ. మార్చిలో వదినె గాజులు ఇంటికి వచ్చాయి. ఆ సంగతి ఆమె నాతో చెప్పలేదు. ఉగాదికి వెళ్ళినప్పుడు వడ్డిస్తున్న చేతికి చూశాను. ఈసారి అన్నం బాగానే దిగింది.

ఇక మా మేడమీది గోతాల సంగతి. పట్నంలో డిసెంబరు, జనవరిలో కూడా రాత్రులు ఉర్లగడ్డకు కావలసినంత చల్లగా ఉండవు. రాత్రి వేడి ఇరవై డిగ్రీలు దాటితే గడ్డ కట్టడం తగ్గిపోతుంది. అందుచేత మూడు గోతాల్లో నిమ్మకాయలంత గడ్డలు దొరికాయి. పచ్చి పేడ వేసిన నాలుగో గోతంలో, ముసలాయన చెప్పినట్లే, గడ్డల నిండా గరుకు పొక్కులు. ఒకటి తీసుకువెళ్ళి ఆయనకు చూపించాను. "నమ్మితే ఒక గోతం మిగిలేది గదా" అని నవ్వి, ఒక తట్ట పాత ఎరువు ఊరకే ఇచ్చాడు. ఇప్పుడు అందులో మా ఇంట్లో కరివేపాకు పెరుగుతోంది.

ఇప్పుడు చుట్టాలెవరైనా మాధవరంలో చూడదగిన దేమున్నదని అడిగితే చెప్పడానికి నాకు చాలా ఉన్నది. ఉద్యానశాఖవారి తోట చూపిస్తాను. పాల కాలనీలో పాత పేడకుప్ప చూపిస్తాను. మణలి వైపు రాత్రిపూట కనిపించే దీపాలు చూపిస్తాను. చివరికి బస్‌స్టాండుకు తీసుకువెళ్ళి టీ ఇప్పిస్తాను. మన పల్లెలను విడిచివచ్చి రెండు మూడు తరాలయిన కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. పొలం చేసుకొనే అన్నో, బావో, మేనమామో ఇంకా అక్కడ ఉన్నవారు, వారు ఫోను చేసి ఏమైనా అడిగితే, దయచేసి నాలాగ వెంటనే జవాబు చెప్పకండి. ఒక పూట గడువు అడిగి, తెలిసినవారి దగ్గరికి నడిచి వెళ్ళండి. చాలాసార్లు వారు మన వీధి చివరనే ఉంటారు.

ఈ కార్తీకానికి మళ్ళీ మట్టి తియ్యాలని అన్న కబురు పెట్టాడు. శనివారం రాత్రి బస్సుకు సీటు చేసుకున్నాను.